భుజం సరిపోతే చాలు

గంటస్తంభం దగ్గర కొన్న కాటన్ కుర్తీ. రంగు, గుడ్డ రెండూ బాగున్నాయి, నడుము దగ్గరే బాగా లూజు. "ఒక సైజు తగ్గించాల్సింది" అంది వదిన. తగ్గిస్తే భుజాలు పట్టేస్తాయి. రెడీమేడ్‌లో భుజం సరిపోయిందే కొనాలని నా గట్టి నమ్మకం. భుజం, చంక విప్పి మళ్లీ కుట్టడం పెద్ద పని. పక్క కుట్లు లోపలికి వేయడం తేలిక.

మా వీధిలో మిషన్ కుట్టే పిన్ని వెంటనే ముట్టుకోలేదు. "ముందు ఉతికి ఆరేసి పట్టుకురా అమ్మా, కాటన్ కదా, కుట్టాక కుంచించుకుపోతే మళ్లీ విప్పాలి" అంది. ఉతికి తీసుకెళ్లాను. తిరగేసి తొడిగించి, రెండు పక్కలా గుండుసూదులు పెట్టింది. చెయ్యెత్తమంది, కూర్చోమంది. చంక కింద నుంచి సుద్దతో గీత గీసుకుంటూ వచ్చి, తుంటి దగ్గర మెల్లగా పాత కుట్టులో కలిపేసింది. అక్కడ గీత ఒక్కసారిగా తిరిగితే గుడ్డ పొడుచుకొస్తుందట. ముందు చేత్తో కచ్చా కుట్టు, ఆ తర్వాతే మిషన్. లోపల మిగిలిన గుడ్డ కత్తిరించలేదు, రేపు ఒళ్లొస్తే విప్పుకోవచ్చని.

కొత్తది కుట్టడం కంటే ఇంకొకరు కుట్టింది సరిచేయడానికే ఎక్కువ నేర్పు కావాలి. అలాంటి పనికి బేరమాడేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

పొందూరు ఖాదీ కుర్తా కూడా ఒకటుంది. పైడితల్లి అమ్మవారి పండగలోపు అదీ పిన్నికే ఇస్తాను.