పక్షుల ఫొటోలకి నా ఓటు డీ500కే

పులికాట్‌లో ఫ్లెమింగోలు ఎగిరేటప్పుడు తీయాలనుకునేవాళ్ళు మెగాపిక్సెల్స్ లెక్క పక్కన పెట్టి ముందు ఆటోఫోకస్ చూడండి, పిట్ట మనకోసం ఆగదు కదా. నేనైతే నికాన్ డీ500 కెమెరా అంటాను. 2016లో వచ్చిన బాడీ అయినా 153 ఫోకస్ పాయింట్లు (ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టగలిగే చోట్లు), అవి దాదాపు ఫ్రేమ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటాయి, సెకనుకి 10 ఫ్రేములు, పైగా క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కాబట్టి 500 ఎంఎం లెన్స్ పెడితే ఫుల్ ఫ్రేమ్ మీద 750 ఎంఎం లెన్స్‌లో కనిపించినంత దగ్గరగా కనిపిస్తుంది. కొంగ లేచేటప్పుడు రెక్కలు పూర్తిగా విచ్చుకుని, మెడ ఇంకా ముడవకుండా, కంట్లో వెలుగు పడే క్షణం చాలా చిన్నది, అది దొరకాలంటే ఈ స్పీడ్ కావాల్సిందే! బడ్జెట్ తక్కువైతే డీ7500 కూడా మంచిదే, 8 ఫ్రేములు, 51 పాయింట్లు, మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టండి. సెకండ్ హ్యాండ్ అయితే మాత్రం షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారో ఆ లెక్క) చూడకుండా డబ్బులివ్వొద్దు, డీ500 షట్టర్‌ని 2 లక్షల క్లిక్కులకి టెస్ట్ చేశారు.