కనుమకి పొట్టేలు జబ్బ, ఆటోనగర్ డ్రమ్ము

మా ఇంట్లో పొగ వాసన కొట్టిన కూర అంటే చెడిపోయిన కూరే. గ్యాస్ రాకముందు అమ్మ ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి మీద వండింది. కూరకి పొగ పట్టకుండా చూసుకున్నవాళ్ళకే వంట వచ్చినట్టు లెక్క ఆవిడకి. అలాంటిది విజయవాడ పక్కన కానూరులో మా పెరట్లో కావాలనే మాంసానికి పొగ పెడతానంటే, "ఉన్న గ్యాస్ పొయ్యికి ఏమొచ్చిందిరా?" అంది.

దీనికంతటికీ డాలస్‌లో ఉన్న మా తమ్ముడే కారణం. అక్కడ గొడ్డు రొమ్ము మాంసాన్ని బ్రిస్కెట్ అంటారు. దానికి ఉప్పూ మిరియాలూ మాత్రమే పట్టించి, పోస్ట్ ఓక్ అనే చెట్టు కట్టెల పొగలో పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంచుతారు. వాడు వీడియో కాల్‌లో చూపించినప్పుడల్లా నాకు నోరూరేది. మా ఇంట్లో గొడ్డు మాంసం కుదరదు కాబట్టి పొట్టేలు అనుకున్నాం. అందులోనూ తొడ వద్దు, జబ్బ తీసుకోమన్నాడు తమ్ముడు. తొడలో కొవ్వు తక్కువ, గంటల తరబడి వేడిలో ఉంటే పీచులా ఎండిపోతుంది. జబ్బ అస్తమానం కష్టపడే కండ, దాన్నిండా కొలాజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. నిదానంగా ఉడికితే అదే కరిగి జిగురుగా మారి ముక్కని మెత్తబరుస్తుంది. హడావిడిగా వండితే మాత్రం నమలడానికి పళ్ళు చాలవు.

ముహూర్తం కనుమకి పెట్టుకున్నాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, అందుకని వచ్చిన చుట్టాలెవరూ బయల్దేరరు. తినేవాళ్ళకి లోటు లేదు. తేడా వస్తే తప్పించుకోవడానికి దారీ లేదు. నా టెన్షనంతా అదే.

పొగ పెట్టే పొయ్యి చెయ్యడానికి ముందు డ్రమ్ము కావాలి. ఆటోనగర్‌లో పాత డ్రమ్ములు అమ్మే కొట్లకి వెళ్తే 200 లీటర్ల ఇనప డ్రమ్ములు గుట్టలుగా కనిపిస్తాయి. అక్కడ ముందు అడగాల్సింది ధర కాదు, "ఇంతకుముందు ఇందులో ఏం పోశారు?" అని. రసాయనాలు పోసిన డ్రమ్ము ఎంత కడిగినా నాకొద్దు. దొరికితే మామిడి గుజ్జు డ్రమ్ము తీసుకోండి. గుజ్జుని విడిగా సంచిలో నింపి ఆ సంచిని డ్రమ్ములో పెడతారు కాబట్టి ఇనుముకి ఏమీ అంటదు. పైగా దానికి మూతా, మూతని బిగించే రింగూ కూడా ఉంటాయి. నాకు అలాంటిదే దొరికింది.

వెల్డర్ దగ్గరికి తీసుకెళ్తే, నేను నోరు తెరిచేలోపే డ్రమ్ముని అడ్డంగా పడుకోబెట్టి సుద్దముక్కతో మధ్యలో గీత గీసేశాడు. చికెన్ కాల్చే బళ్ళ వాళ్ళందరికీ సగానికి కోసి ఇస్తాడట. "కొయ్యొద్దన్నా, నిలబెట్టే వాడతాను" అంటే నమ్మలేదు. అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో చుట్టూ నాలుగు బెజ్జాలు, వాటికి ముప్పావంగుళం గొట్టాలు, మూడింటికి మూతలు, నాలుగోదానికి బాల్ వాల్వ్. మూత మీద కొన్ని బెజ్జాలు. బొగ్గులకి జాలీతో చేసిన బుట్ట, దానికి రెండడుగుల పైన స్టీలు ఊచల జల్లెడ. ఇంతే పని. గాలి నేను రమ్మన్న చోటు నుంచే రావాలి, ఇంకెక్కడి నుంచీ రాకూడదు. ఈ ఒక్క మాట అర్థమయ్యాక మనిషికి హుషారొచ్చింది. గొట్టాలకి జీఐ పైపు తీయబోతే వద్దన్నాను. దానికుండే జింకు పూత బాగా వేడెక్కితే వచ్చే పొగ మంచిది కాదు. "నాకు తెలవదా సార్, జీఐ వెల్డింగ్ చేసిన రోజు రాత్రికి జ్వరం వస్తది" అంటూ నల్ల పైపు తీశాడు.

డ్రమ్ముకున్న రంగంతా కాల్చి వదిలించాలి. దానికి విడిగా మంట ఎందుకని భోగి రోజు తెల్లవారుజామున మంట డ్రమ్ములోనే వేసేశాం. పిల్లలు పిడకల దండలు కూడా అందులోనే పడేశారు. రంగు పొరలు పొరలుగా లేచి ఊడిపోయింది. చల్లారాక ఇనప బ్రష్షుతో గీకి, కడిగి, లోపలా బయటా వంటనూనె పూసి మళ్ళీ చిన్న మంట పెడితే నల్లగా నిగనిగలాడింది.

బొగ్గులు ఇస్త్రీ బండి అతన్ని అడిగితే తను కొనే చోటు చెప్పాడు. అవి సర్కారు తుమ్మ బొగ్గులు. పొలం గట్ల మీద మొలిస్తే రైతులు తిట్టుకునే చెట్టు ఇదే. టెక్సాస్‌లో డబ్బు పెట్టి కొనే మెస్కీట్‌కి ఇది దగ్గరి బంధువని తమ్ముడు చెబితే ఇస్త్రీ అతను పడీపడీ నవ్వాడు. ఈ జాతి కట్టెల పొగ ఘాటు, గంటల కొద్దీ తగిలితే ముక్క చేదెక్కుతుంది. బొగ్గయ్యాక ఆ బాధ లేదు, వేడి మాత్రం దండిగా ఇస్తుంది.

కట్టెల సంగతి అమ్మ చూసుకుంది. నూజివీడు దగ్గర మా అత్తగారి తోటలో కొట్టేసిన మామిడి కొమ్మలు కిందటి వేసవి నుంచీ ఎండుతున్నాయి. వాటిలోంచి రెండేసి ముక్కలు తీసుకుని ఒకదానికొకటి కొట్టి చూసింది. ఖంగుమన్నవి ఒక పక్క, మొద్దుగా మోగినవి ఇంకో పక్క. మొద్దుగా మోగాయంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు, పొయ్యిలో పెడితే పొగే తప్ప మంట రాదట. పెరట్లో వేప కొమ్మలు కూడా ఉన్నాయి, వాటిని ముట్టుకోనివ్వలేదు. జామ కొమ్మలు పర్లేదంది. ప్యాకింగ్ పెట్టెల చెక్కలూ ప్లైవుడ్ ముక్కలూ మాత్రం ఎవరూ వాడకండి. వాటిలో ఉండే జిగురూ రంగూ మన కడుపులోకే వస్తాయి.

మాంసం కొట్టు భాయ్ జబ్బని ముక్కలు కొట్టకుండా ఇవ్వడానికి కాసేపు బతిమాలించుకున్నాడు. రెండు కిలోల రెండొందల గ్రాములు తూగింది. "పచ్చి బొప్పాయి రాయండి సార్, దూదవుతుంది" అన్నాడు. కాసేపు కాల్చే ముక్కలకైతే బొప్పాయి మంచిదే. ఆరేడు గంటలు ఉండేదానికి రాస్తే పైభాగం పిండైపోతుంది. పండగ రోజు రాత్రి 35 గ్రాముల ఉప్పు అంతటా పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున్నే బరకగా దంచిన మిరియాలు, ధనియాలు, అమ్మ ఏటా గుంటూరు మిరపకాయలు తెప్పించి ఆడించే కారం కొంచెం. అల్లం వెల్లుల్లి ముద్ద వెయ్యలేదు. తడి ముద్ద దట్టంగా పూస్తే పైన గట్టి పొర కట్టదు. ఇది నా అభిప్రాయం, మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

కనుమ రోజు ఐదింటికల్లా లేచాం. డాలస్‌లో అప్పటికి ముందురోజు సాయంత్రం ఐదున్నర. తమ్ముడు ఫోన్‌లో, అమ్మ కుంపటి దగ్గర. బుట్ట నిండా రాజెయ్యని బొగ్గులు పోసి, మధ్యలో గుంట చేసి, అందులో మాత్రం గుప్పెడు నిప్పులు వెయ్యాలి. నిప్పు పక్కనున్న బొగ్గుకి మెల్లగా అంటుకుంటూ గంటల తరబడి సాగుతుంది. అన్నీ ఒకేసారి రాజేస్తే డ్రమ్ము కొలిమైపోతుంది. కిరోసిన్ చుక్క కూడా తగలనివ్వలేదు, ఆ కంపు మాంసానికి పట్టిందంటే వదలదు. అమ్మ కొబ్బరి పీచుతో కుంపటి రాజేసి, విసనకర్రతో విసిరి, పైన తెల్లగా నివురు కమ్మాక పటకారుతో నిప్పులు అందించింది.

మామిడి ముక్కలు వేసి మూత పెట్టగానే తెల్లటి పొగ దట్టంగా లేచింది. పక్కింటి పిన్నిగారు మేడ మీద నుంచి తొంగిచూసి, "ఏం నాయనా, భోగి మొన్ననే అయిపోయిందిగా?" అన్నారు. ఆవిడ ఆరేసిన చీరలు మా ఆవిడే వెళ్ళి తీసి లోపల పెట్టి వచ్చింది. ఈ తెల్ల పొగలో మాంసం పెట్టకూడదు. కట్టె సరిగ్గా మండనప్పుడు వచ్చే పొగ ఇది, ముక్క మీద తారులా పేరుకుని చేదు పుట్టిస్తుంది. అరగంటకి పొగ పలచబడి, కాస్త నీలంగా, ఉందా లేదా అన్నట్టు కనిపించింది. ఆరున్నరకి జబ్బ లోపల పెట్టాను.

ఉండాల్సిన వేడి 110 నుంచి 120 డిగ్రీలు. ఏడయ్యేసరికి 150 దాటింది. థర్మామీటర్‌ని ముందే మరిగే నీళ్ళలో ముంచి 100 చూపిస్తోందో లేదో చూసుకున్నాను కాబట్టి దాన్ని అనుమానించే పని లేదు. మూత తీసి వేడి వదులుదామని చెయ్యి పెట్టబోతే అమ్మ గట్టిగా అరిచింది: "మూత తీస్తే ఇంకా రాజుకుంటుందిరా! కింద గాలి కట్టెయ్." ఫోన్‌లో తమ్ముడూ సరిగ్గా అదే చెబుతున్నాడు. కింది గొట్టాలు మూడూ మూసి, నాలుగోదాని వాల్వ్ సగానికి తిప్పాను. వెంటనే దిగలేదు, పావుగంట పైనే పట్టింది. అప్పటి నుంచి నాకు పట్టుబడిన పద్ధతి: ఏ మార్పు చేసినా చిన్నగా చెయ్యడం, చేశాక పావుగంట చేతులు కట్టుకుని కూర్చోవడం. పైన మూత బెజ్జాలు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి. పొగ లోపల నిలవుంటే మళ్ళీ చేదే.

తొమ్మిదిన్నరకి మాంసం లోపలి వేడి 67కి వచ్చి అక్కడే ఆగిపోయింది. పదిన్నరకీ అంతే. ఇలా జరుగుతుందని తెలిసినా ఆ గంట గడవడం కష్టం. కుండలో నీళ్ళు చల్లబడే కారణమే ఇక్కడా పనిచేస్తుంది. ముక్కలోని తడి పైకొచ్చి ఆవిరైపోతూ, లోపలికి వెళ్ళే వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తుంది. బావగారు, అంటే మా చెల్లెలి భర్త, గంటకోసారి వచ్చి గడియారం చూసుకుంటున్నారు. "కుక్కర్‌లో రెండు విజిళ్ళు వేయిద్దామా బావగారూ?" అని ఎంతో మర్యాదగా అడిగారు. పదకొండింటికి జబ్బని వాడ్చిన అరిటాకులో చుట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టి మళ్ళీ పెట్టాను. ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోయేసరికి అంకె కదిలింది.

ఒంటిగంటకి భోజనాలు మొదలయ్యాయి. నా మీద ఏమాత్రం నమ్మకం లేని అమ్మ గారెలూ నాటుకోడి పులుసూ ఎప్పుడో సిద్ధం చేసేసింది. అందరూ పులుసులో గారెలు నంచుకుంటుండగా డ్రమ్ములో ఉన్న మాంసం లోపలి వేడి 94 చూపించింది. పుల్ల గుచ్చితే ఎక్కడా అడ్డం తగలకుండా దిగింది. తీసి, చుట్టు విప్పకుండా ముప్పావుగంట పక్కన పెట్టాను. వెంటనే కోస్తే రసమంతా పళ్ళెంలోకి కారిపోతుంది.

విప్పేసరికి పైన నల్లటి చెక్కు, అరిటాకు వాసన, పొగ వాసన. రెక్క ఎముకని రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే మాంసం అంటకుండా వచ్చేసింది. కోసిన ముక్కలో, అంచు వెంట పావంగుళం మేర గులాబీ రంగు చార ఉంది. బావగారు దాన్ని చూసి, "పచ్చిగా ఉన్నట్టుందండీ" అని పళ్ళెం వెనక్కి జరిపారు. అది పచ్చిదనం కాదు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మాంసంలో ఎరుపునిచ్చే పదార్థాన్ని పట్టుకోవడంతో ఉడికాక కూడా ఆ రంగు అలాగే నిలుస్తుంది. పచ్చిదైతే రంగు నడిమధ్యలో ఉండాలి, ఇక్కడేమో అంచున ఉంది. ఇదంతా నేను చెప్పడం పూర్తయ్యేలోపు మా మేనల్లుడు ఆయన పళ్ళెంలో ముక్క తినేశాడు. ఆ తర్వాత బావగారు తన వాటా తనే వడ్డించుకున్నారు. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయింది, కారం చాలలేదు" అంది. ఇంకో ముక్క పులుసులో ముంచుకుంది. మిగిలిన ఎముకలు మర్నాడు ఉలవచారులో పడ్డాయి. నన్నడిగితే జబ్బ కన్నా అదే ఎక్కువ బాగుంది.

మూతలూ వాల్వూ అన్నీ బిగించేస్తే నిప్పు దానంతటదే ఆరిపోయి, మిగిలిన బొగ్గు ఇంకోసారికి పనికొస్తుంది. బూడిదని మాత్రం మర్నాటి దాకా కదపకండి, పైకి చల్లగా ఉన్నా అడుగున నిప్పుంటుంది. డ్రమ్ముని వరండాలోకో గదిలోకో తేవద్దు, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. కోడికి ఈ లెక్కలు వేరు. స్కిన్‌తో ఇవ్వమని అడిగి తెచ్చుకోవాలి, డ్రమ్ము వేడి 150 దాటనివ్వాలి, లేకపోతే తోలు రబ్బరులా సాగుతుంది. మాంసం లోపల 74 వస్తే చాలు. ఇక కార్తీకంలో మా ఇంట్లో నీచు ముట్టరు, మే నెల బెజవాడ ఎండలో డ్రమ్ము పక్కన నిలబడే ఓపిక నాకు లేదు. కాబట్టి ఉగాది లోపే రెండు ఆదివారాలు కోళ్ళకి కేటాయించుకున్నాను. ఈసారి కారం అమ్మే కలుపుతానంది.