ఒయాసిస్ టికెట్టు కోసం పదకొండు నెలలు

మా ఆఫీసు కిచెన్‌లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉండేది. ఎడమవైపు పాటలు, కుడివైపు షోలు. ఒక్కోదానికి ఒక నంబరు, ఆ నంబరు మీద కొట్టివేత, పక్కన ఇంకొకరి చేతిరాతలో ఒక తిట్టు. 2009లో విడిపోయిన మాంచెస్టర్ రాక్ బ్యాండ్ ఒయాసిస్ మళ్లీ కలుస్తోందని 2024 ఆగస్టు 27 పొద్దున ప్రకటన వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఈ కాగితం పుట్టింది.

నేను మాంచెస్టర్‌కి ఉద్యోగానికి వచ్చి అప్పటికి రెండేళ్లు. ఒయాసిస్ అంటే నాకు తెలిసిందల్లా వరంగల్ హాస్టల్లో నేర్చుకున్న వాళ్ల పాట వండర్‌వాల్. గిటారు కొత్తగా పట్టుకున్న ప్రతివాడూ ఆ పాటే ఎత్తుకునేవాడు. ఉంగరపు వేలు, చిటికెన వేలు కింది రెండు తీగల మీద అతికించేసి, మిగతా రెండు వేళ్లు అటూ ఇటూ మారుస్తూ పోతే పాట అదే వచ్చేస్తుంది. ఈ సంగతి కిచెన్‌లో కాస్త గొప్పగా చెప్పబోయాను. మా టీమ్‌లో ఒక పెద్దాయన టీ కప్పు కింద పెట్టి నావైపు జాలిగా చూశారు.

ఆయనకి యాభై దాటాయి. పుట్టింది, పెరిగింది ఈ ఊళ్లోనే. ఫుట్‌బాల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ తప్ప ఇంకో జట్టు పేరు ఎత్తరు. అలాంటి మనిషి జీవితంలో ఒక్కసారి ఊళ్లోని ప్రత్యర్థి జట్టు మాంచెస్టర్ సిటీ వాళ్ల పాత స్టేడియం మెయిన్ రోడ్‌లో అడుగుపెట్టారు, 1996 ఏప్రిల్ 28న, ఒయాసిస్ కోసం. బ్యాండ్‌కి మూలమైన గాలాగర్ అన్నదమ్ములు, పాడే లియమ్, పాటలు రాసే నోయెల్, ఇద్దరూ సిటీ వీరాభిమానులు. "శత్రువు ఇంట్లో భోజనం చేసొచ్చాను, అంత బాగుంది" అంటారు. ఆయన లెక్కలో అదే నంబర్ వన్ షో.

రెండోది ఇంకా విచిత్రం. 2009 జూన్ 4, ఈ ఊళ్లోనే హీటన్ పార్క్. షో మొదలైన కాసేపటికే జనరేటర్ ఆగిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి లియమ్ మైకులో, ఈ రాత్రి షో ఫ్రీ, డబ్బులు వెనక్కి తీసుకోండి అన్నాడు. అన్నట్టే చెక్కులు పంపారు. వాటి మీద బ్యాంకు పేరు 'బ్యాంక్ ఆఫ్ బర్నేజ్', కింద అన్నదమ్ముల సంతకాలు. బర్నేజ్ వాళ్లు పెరిగిన పేట. పెద్దాయన దాన్ని బ్యాంకులో వేయకుండా ఫ్రేమ్ కట్టించి మెట్ల పక్కన గోడకి తగిలించారు. ఫోన్లో ఫోటో చూపించారు, ఫ్రేమ్ కాస్త ఎడమకి ఒరిగి ఉంది. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 28న, పారిస్‌లో స్టేజీ ఎక్కాల్సిన వేళ గొడవపడి బ్యాండ్ విడిపోయింది.

ఈయనకి ఎదురు నిలబడేది మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. బ్యాండ్ విడిపోయేనాటికి ఆమె ప్రైమరీ స్కూల్లో ఉంది. ఒక్క షో కూడా చూడలేదు, కానీ నెబ్‌వర్త్‌లో జరిగిన షోలు తప్ప దేన్నీ ఒప్పుకోదు. 1996 ఆగస్టులో రెండు రాత్రులు, రెండున్నర లక్షల మంది. టికెట్లకి పాతిక లక్షల మందికి పైగా ఎగబడ్డారు. "వెనక నిలబడ్డవాడికి లియమ్ చీమంత కనపడి ఉంటాడు. అది చూడటమా?" అని పెద్దాయన తీసిపారేసేవారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నా మీదికే వచ్చింది.

పాటల దగ్గర ఇద్దరికీ ఇంకా పడదు. ఆమెది స్లైడ్ అవే, ఆయనది అక్వియెస్. అక్వియెస్ అసలు బి సైడ్ పాట, అంటే సింగిల్‌లో ముఖ్యమైన పాటకి వెనకాల జతగా ఇచ్చేది. 1995లో సమ్ మైట్ సే సింగిల్ వెనకాల ఇచ్చారు. ఆ సింగిల్ వాళ్లకి మొదటి నంబర్ వన్. దాని వెనకాలే టాక్ టునైట్ కూడా ఉంది. వేరే బ్యాండ్ అయితే ఈ రెండూ ఆల్బమ్‌కి దాచుకునేది. అదే ఏడాది ఆగస్టులో రోల్ విత్ ఇట్‌ని బ్లర్ అనే పోటీ బ్యాండ్ సింగిల్ మీదికి దింపి, అమ్మకాల్లో 2,74,000కి 2,16,000 తేడాతో ఓడారు. "ఇంట్లో అక్వియెస్ పెట్టుకుని యుద్ధానికి రోల్ విత్ ఇట్‌ని పంపారు" అని పెద్దాయనకి ముప్పై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. నాకూ ఆయన మాటే సబబనిపిస్తుంది.

ఇక టికెట్ల సంగతి. ముందస్తు అమ్మకానికి పేరు నమోదు చేసుకోవాలంటే ఒక ప్రశ్నకి జవాబివ్వాలి: బ్యాండ్ మొదటి డ్రమ్మర్ ఎవరు? నేను తల గోక్కుంటుంటే పెద్దాయన స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే "టోనీ మెక్‌కారల్" అన్నారు. జవాబు కరెక్టే, కానీ లాటరీలో నా పేరు రాలేదు. ఆయనకి వచ్చింది. మరుసటి ఏడాది జూలై 20న హీటన్ పార్క్ షోకి నాలుగు టికెట్లు కొట్టేశారు.

నాకు మిగిలింది శనివారం, ఆగస్టు 31, పొద్దున 9 గంటల అమ్మకం. ప్రెస్ట్‌విచ్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు, మూడు ఫోన్లు పరిచి కూర్చున్నాం, నేనూ మా శ్రీకాకుళం రూమ్మేటూ. పాపం వాడికి ఒయాసిస్ అంటే ఎడారిలో ఉండేదని మాత్రమే తెలుసు. ముందు క్యూలో నిలబడటానికి ఒక క్యూ. అది దాటాక నా ముందు లక్ష మందికి పైగా ఉన్నారని చూపించింది. ఇడ్లీలు తిన్నాం. చారు పెట్టుకున్నాం. ఒక ల్యాప్‌టాప్ నన్ను మనిషి కాదు, రోబో అని బయటికి గెంటేసింది.

మధ్యాహ్నం మూడింటికి లోపలికి వెళ్లాను. పొద్దున 150 పౌండ్ల దగ్గర ఉన్న నిలబడే టికెట్టు 355 అయి కూర్చుంది. అదే గడ్డి, అదే నిలబడటం. పక్కన గడియారం వెనక్కి తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను. టెన్షన్‌లో స్పీకర్ పెట్టి ధర చెప్పేశాను. "మన డబ్బుల్లో ఎంత రా?" దాదాపు 39 వేలమ్మా అన్నాను. "కూర్చోబెడతారా?" లేదమ్మా, నిలబడాలి. అటువైపు కాసేపు చప్పుడు లేదు. రూమ్మేట్ మెల్లగా "అన్నా, ఈ డబ్బుతో హైదరాబాద్ వెళ్లిపోవచ్చు" అన్నాడు. నేను ఒక్క నిమిషం ఆలోచించాను. ఆ నిమిషంలో అది కూడా పోయింది. ధరల నిర్ణయం తమది కాదని, అలా పెరుగుతాయని తమకు తెలియదని తర్వాత బ్యాండ్ ఒక ప్రకటన ఇచ్చింది. దాంతో నేనేం చేసుకోను?

తర్వాత లండన్ వెంబ్లీ స్టేడియంలో రెండు షోలు కలిపారు. మొదటిసారి దొరకనివాళ్లని పిలిచి మళ్లీ లాటరీ అన్నారు. నాకు పిలుపు రాలేదు. కొన్నవాళ్లు అసలు ధరకే తిరిగి అమ్మే చోట నెలల తరబడి రిఫ్రెష్ కొట్టాను, కళ్లు కాయలు కాశాయి. వాట్సాప్ గ్రూపులో ఒకడు సగం ధరకిస్తానని, ముందు డబ్బు పంపమని అడిగాడు. వాడికి దండం పెట్టి బ్లాక్ చేశాను.

2025 జూలై 4న కార్డిఫ్‌లో మొదటి షో అయ్యాక కిచెన్‌లో గొడవ కొత్త మలుపు తిరిగింది. 23 పాటలు, ఊరు మారినా అదే వరస. 2000 తర్వాతది ఒక్క లిటిల్ బై లిటిల్ తప్ప ఇంకోటి లేదు. కొలంబియా పాట ఎందుకు లేదని ఆ అమ్మాయి రెండ్రోజులు అలిగింది.

హీటన్ పార్క్ మా ఇంటికి నడిచే దూరం. జూలై 12, శనివారం, ఈ ఊరికి అలవాటు లేనంత ఎండ. పార్కులో షో కంచెకి బయట ఒక దిబ్బ ఉంది, అక్కణ్ణుంచి వినబడుతోందట అని రూమ్మేట్ కబురు తెచ్చాడు. వెళ్లాం. అప్పటికే వందల మంది. దుప్పట్లు, మడత కుర్చీలు, భుజాల మీద పిల్లలు. దానికి గాలాగర్ హిల్ అని పేరు కూడా పెట్టేశారు. స్టేజీ తెరలు అగ్గిపెట్టెలంత. ఎనిమిదింపావుకి అన్నదమ్ములు చేతులు పట్టుకుని వచ్చారని పక్కవాళ్లు చెబితే నమ్మాను. నాకైతే రెండు చుక్కలు.

కానీ వినబడింది. మధ్యలో లియమ్ పక్కకి వెళ్లాక నోయెల్ ఒక్కడే టాక్ టునైట్ ఎత్తుకున్నాడు. 1994లో అమెరికాలో షో చెడిపోయి, బ్యాండ్ వదిలేసి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిపోయినప్పుడు ఒక అమ్మాయి నచ్చజెప్పి వెనక్కి పంపిందట. ఆ రోజుల పాట అది. గాలి మళ్లినప్పుడు గొంతు సన్నబడేది, మళ్లీ దగ్గరికొచ్చేది. దిబ్బ మీద అప్పటిదాకా అరుస్తున్నవాళ్లు ఒక్కసారిగా తగ్గారు. నా పక్కన మడత కుర్చీలో ఒక పెద్దావిడ చిప్స్ పొట్లం నావైపు జరిపింది, పాడటం మాత్రం ఆపలేదు. లివ్ ఫరెవర్ వచ్చేసరికి చీకటి పడుతోంది. రూమ్మేట్ పాట పేరు అడిగి ఫోన్లో రాసుకున్నాడు.

తర్వాతి షోలకి, కొత్తగా నాటిన మొక్కలు పాడవుతున్నాయని అక్కడ కంచె వేశారు.

ఆ వారమే పెద్దాయన బావమరిది రాలేనన్నాడు. అసలు ధరకే నాకు టికెట్టు ఇస్తానన్నారు, ఒక షరతు మీద: ఫ్రిజ్ మీద నా పేరు పక్కనున్న వండర్‌వాల్ కొట్టేయాలి. కొట్టేసి టాక్ టునైట్ రాశాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చూశారు, ఏమీ అనలేదు. బి సైడ్ కదా.

జూలై 20న లోపల నిలబడి లియమ్‌ని మనిషి సైజులో చూశాను. సిగరెట్స్ అండ్ ఆల్కహాల్‌కి అందరూ స్టేజీకి వీపు తిప్పి, పక్కవాళ్ల భుజాల మీద చేతులేసి గెంతమన్నాడు. సిటీ ఫ్యాన్స్ పోలండ్ క్లబ్ లెహ్ పొజ్నాన్ ఫ్యాన్స్ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. ముక్కూమొహం తెలియని ఒకాయన నా మెడ పట్టుకుని గెంతించాడు. మొత్తం జనంలో స్టేజీ వైపే తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి మా పెద్దాయన. ఎంతైనా యునైటెడ్.

సోమవారం ఫ్రిజ్ దగ్గర నేను షోల వరసలో 'జూలై 12, దిబ్బ' అని రాసి, దాని కింద జూలై 20 పెట్టాను. పెద్దాయన పెన్ను తీసి మొదటిది కొట్టేయబోయారు. టికెట్టు లేనిది షో లెక్కలోకి రాదన్నారు. పైగా చీమలంత కూడా కనపడలేదని నువ్వే అన్నావు కదా అన్నారు. నెబ్‌వర్త్ అమ్మాయి పగలబడి నవ్వింది.

"మీ 2009 షో కూడా ఫ్రీయే కదండీ, డబ్బులు వెనక్కిచ్చేశారు" అన్నాను.

"నేను చెక్కు మార్చుకోలేదు" అన్నారు.