మూడేసుకో

పదకొండు దాటింది. పాలు తోడు పెట్టాను, చిన్నాడి యూనిఫాం ఇస్త్రీ అయింది. నిద్ర మాత్రం రావట్లేదు. ఫారంలో వేసిన ఆ 3 కళ్ళ ముందు నుంచి పోవట్లేదు.

నొప్పి స్కోరు రాసుకోవడానికి రాజోలు అవతల మామ్మగారింటికి వెళ్ళాను కదా, ఎప్పటిలాగే అడిగాను. "నొప్పి అస్సలు లేకపోతే సున్నా, తట్టుకోలేనంత ఉంటే పది. ఇవాళ ఎంతండీ?" కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. "మూడేసుకో అమ్మాయ్" అన్నారు. నేను వద్దంటున్నా వినకుండా కోడలు టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. అప్పుడు మెల్లిగా, "ఎనిమిదంటే మావాడు మళ్ళీ కారు మాట్లాడతాడే. కాకినాడ వెళ్ళొచ్చిన అప్పే ఇంకా తీరలేదు" అన్నారు. మాట్లాడుతున్నంతసేపూ మంచం పట్టె వదల్లేదు. వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి.

బయటికి రాగానే డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను, నొప్పి తగ్గించే మార్ఫిన్ మోతాదు చూస్తానన్నారు. ఫారంలో 3 పక్కన మామ్మగారి మాట కూడా రాశాను. సాయంత్రం లెక్కలు చూసే సార్ ఫోన్: "కామెంట్లు ఎనాలసిస్‌లోకి రావు మేడం, స్కోరు చాలు." ఒళ్ళు మండింది. ప్రాజెక్టు పేరులోనే మిక్స్‌డ్ మెథడ్స్ అని ఉంది, అంటే అంకెలూ మాటలూ కలిపి చూడడమని! అంకెలు ఒకరికి, ఇంటర్వ్యూలు ఇంకొకరికి పంపేసి, చివర్లో రెండు అధ్యాయాలు పక్కపక్కన పెడితే కలిపినట్టా? అంకె, మాట ఒకే మనిషివి, ఒకే పూటవి. ఒకే పట్టికలో ఎదురెదురుగా పెడితేనే కదా ఆ 3 ఎందుకు 3 అయిందో తెలిసేది. 1967లో లండన్‌లో, చివరి దశ రోగుల్ని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్, అంతకుముందే మార్ఫిన్ లెక్కలు రాసుకుంటూ రోగుల మాటలూ టేపులో రికార్డు చేసింది. నొప్పి ఒంటిదే కాదు, మనసుదీ ఇంటి పరిస్థితిదీ కూడా అని ఆవిడకి తెలిసింది అలాగే.

సార్‌కి ఇదంతా మెయిల్ రాద్దామని కూర్చున్నాను. అంకెలు దండగ అన్నంత కోపంలో ఉన్నాను. అంతలో అమ్మమ్మ గుర్తొచ్చింది.

చివరి నెలల్లో అమ్మమ్మకి రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. మంచం మీద కూర్చుని కొబ్బరాకులు చీరి ఈనెలు తీసేది. చీకట్లో ఆ చప్పుడు వింటూనే మేం నిద్రపోయేవాళ్ళం. తెల్లారేసరికి మంచం కింద కుప్ప. నొప్పి ఎక్కువైన రాత్రి కుప్ప పెద్దది. డాక్టరు "నొప్పి ఎలా ఉంది?" అంటే అమ్మ "ఉందండీ" అనేది. అదే మాత్ర మళ్ళీ రాసేవాడు. ఎవరైనా రోజూ ఒక్క అంకె నోటు పుస్తకంలో వేసి ఉంటే, నాలుగు, ఆరు, తొమ్మిది అని పెరుగుతూ పోవడం ఆయనకి కనిపించేది. మా కళ్ళ ముందే కుప్ప పెరిగింది. మేం చీపుళ్ళు కట్టుకున్నాం.

మెయిల్ చెరిపేశాను. సార్‌ని అంకెలు మానమని అడగను, ఇంకో గడి కలపమంటాను: అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు అని. ఇంట్లోవాళ్ళు ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి అడిగితే ఆ తేడా కూడా అంకెల్లోనే తేలుతుంది. ఎందుకో మాత్రం మామ్మగారే చెప్పాలి.

బుధవారం మళ్ళీ వెళ్ళాలి. ఈసారి టీ నేనే అడుగుతాను.