షికోకు 88 గుళ్ల కాలినడక: సాయంత్రం ఐదు దాటితే ముద్ర పడదు

జపాన్‌లోని షికోకు దీవిని చుట్టి వచ్చే 88 గుళ్ల యాత్ర దాదాపు 1,200 కిలోమీటర్లు. బౌద్ధ గురువు కూకాయ్ (774–835) పేరు మీద సాగే ప్రదక్షిణ ఇది. అక్కడివాళ్లు ఆయన్ని కోబో దైషి అంటారు. నడిచి పూర్తి చేయడానికి మామూలుగా 40 నుంచి 50 రోజులు పడుతుంది. భక్తి మాట ఎలా ఉన్నా, నడిచేవాళ్లను రోజూ పరుగులు పెట్టించేది గడియారమే.

ఎందుకంటే ప్రతి గుడిలోనూ దర్శనానికి గుర్తుగా ముద్రలు వేసే కౌంటరు ఉంటుంది. ఉదయం 8కి తెరుస్తారు, సాయంత్రం 5కి మూస్తారు. మన చేతిలోని నోక్యోచో అనే పుస్తకం అందిస్తే, అక్కడున్నవారు పేజీ మీద మూడు ఎర్ర ముద్రలు వేసి, వాటి మీదుగా కుంచెతో నల్ల సిరా అక్షరాలు గబగబా రాసేస్తారు. తడి సిరా అవతలి పేజీకి అంటకుండా మధ్యలో ఓ పల్చటి కాగితం పెట్టి తిరిగిస్తారు. 2024 ఏప్రిల్ నుంచి దీనికి 500 యెన్‌లు, అంటే మొత్తం 44,000. చాలాచోట్ల నగదే ఇవ్వాలి. పల్లెల్లో విదేశీ కార్డుతో డబ్బు తీసుకోవడానికి పోస్టాఫీసు ఏటీఎంలే దిక్కు. శని, ఆదివారాల్లో చిన్న ఊళ్లలో అవి కూడా పనిచేయకపోవచ్చు.

ముద్ర కంటే ముందు దర్శనం. ద్వారం దగ్గర నమస్కరించి, చేతులు కడుక్కుని, గంట కొట్టాలి. గంట లోపలికి వెళ్లేటప్పుడే. తిరిగొచ్చేటప్పుడు కొడితే చేసిన పుణ్యం పోతుందని నమ్మకం. ప్రధాన మందిరంలో ఒక కొవ్వొత్తి, మూడు అగరొత్తులు వెలిగించి, పేరు రాసిన చీటీ పెట్టెలో వేసి, నాణెం సమర్పించి, హృదయ సూత్రం అనే చిన్న బౌద్ధ పాఠం చదువుతారు. తర్వాత అదే గుడిలో కూకాయ్‌కి కట్టిన దైషి మందిరంలో ఇదంతా మళ్లీ మొదటినుంచి. పక్కవాళ్ల కొవ్వొత్తితో మనది వెలిగించుకోకూడదు, వాళ్ల కర్మ మనకు చుట్టుకుంటుందట. అగరొత్తులు బూడిద మధ్యలో గుచ్చాలి. అంచున గుచ్చితే తర్వాత వచ్చేవాళ్ల చెయ్యి కాలుతుంది. ఇవన్నీ చేసేసరికి అరగంట ఇట్టే గడిచిపోతుంది. నాలుగున్నరకు గుడి మెట్లెక్కేవాళ్ల కంగారు అందుకే.

చేతికర్ర సాక్షాత్తు దైషియే అని భావిస్తారు. బసకు చేరగానే తమ కాళ్లకంటే ముందు కర్ర మొన కడుగుతారు. వంతెనల మీద కర్ర నేలకు ఆనించరు. షికోకులోని ఎహిమే ప్రాంతంలో దైషి ఒకసారి వంతెన కింద పడుకున్నారని కథ, ఆయన నిద్ర చెడగొట్టకూడదని.

బస విషయంలో పొరపాట్లు ఎక్కువ. మిన్‌షుకు అనే ఇంటి తరహా బసల్లో రాత్రి భోజనం ఆరింటికి, కాబట్టి నాలుగైదింటికల్లా చేరాలి. బస కావాలని చాలావరకు ఫోన్‌లోనే చెప్పుకోవాలి. జపనీస్ రాకపోతే ఇవాళ్టి బసవాళ్లనే రేపటి బసకు ఫోన్ చేసిపెట్టమని అడగడం తేలిక. వెళ్లడం కుదరకపోతే తప్పకుండా చెప్పాలి. లేదంటే వండిన భోజనం వృథా అవుతుంది, దారిలో ఏమయ్యామోనని వాళ్లు గాభరా పడతారు. స్నానాల తొట్టిలో దిగేముందు బయటే ఒళ్లు శుభ్రంగా కడుక్కోవాలి. దిగి లేచాక నీళ్లు వదిలేయకూడదు, ఇంటిల్లిపాదికీ అవే నీళ్లు.

శాకాహారులకు తిప్పలే. కూరల్లోనూ సూపుల్లోనూ ఎండు చేపల రసం కలుస్తుంది. కగావా ప్రాంతం పేరు మోసిన ఉదోన్ నూడుల్స్ పులుసూ అంతే. మాంసం వద్దంటే సరిపోదు, చేపల రసం కూడా వద్దని విడిగా చెప్పాలి.

కొత్తవాళ్లను తికమక పెట్టేది ఒసెత్తాయ్. దారిలో ఎవరో వచ్చి నారింజలో, టీయో, నాణేలో చేతిలో పెడతారు. యాత్రికుడికి ఇస్తే దైషికి ఇచ్చినట్టే అని వాళ్ల లెక్క కనుక కాదనకూడదు. తీసుకుని, గుడిలో వేసే చీటీల్లో ఒకటి ఇవ్వాలి. నాలుగు ప్రదక్షిణల దాకా తెల్ల చీటీ, ఆపైన ఆకుపచ్చ, ఎరుపు, వెండి, బంగారు రంగులు. వందకు చేరినవాళ్లకు జరీ చీటీ. ఆ జరీ చీటీ అందుకున్నవాళ్లు దాన్ని రక్షగా దాచుకుంటారు. కారెక్కమని పిలిస్తే మాత్రం, పూర్తిగా నడుస్తానని మొక్కుకున్నవాళ్లు మర్యాదగా వద్దనవచ్చు.

దారి ఎక్కువభాగం తారు రోడ్డే. కాళ్లు బొబ్బలెక్కేది కొండల్లో కన్నా ఈ రోడ్ల మీదే, కాబట్టి బూట్లు అర సైజు పెద్దవి మేలు. 11 నుంచి 12వ గుడికి 13 కిలోమీటర్లే అయినా కొండ ఎక్కిదిగేసరికి ఆరు నుంచి ఎనిమిది గంటలు. 23 నుంచి 24కు దాదాపు 75 కిలోమీటర్లు, దారిలో ఒక్క ముద్రా లేదు. నా ఉద్దేశంలో అసలు పరీక్ష అదే: ఒకపక్క సముద్రం, ఇంకోపక్క లారీలు, రోజుల తరబడి అంతే. మార్చి–మే, అక్టోబర్–నవంబర్ నెలలు అనువు. జూన్‌లో వానలు, ఆపైన ఉక్కపోత.

88వ గుడి ఒకుబోజిలో చాలామంది కర్ర వదిలేస్తారు. కొందరు తొకుషిమా నుంచి ఓడలో వకాయామా చేరి కోయా కొండకు వెళ్లి, దైషి సమాధి ఉన్న ఒకునోయిన్‌లో చివరి ముద్ర వేయించుకుంటారు. పుస్తకంలో దానికోసం ఓ పేజీ ఖాళీగా ఉంచుకోవాలి.