టీసీ కోసం పంతొమ్మిది రోజులు

2024లో పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజులకు, హనుమకొండలోని మా విద్యార్థి సంఘం కార్యాలయానికి ఒక చెల్లెలు ప్లాస్టిక్ కవరు నిండా జిరాక్సు కాగితాలతో వచ్చింది. "అన్నా, ఎమ్మెస్సీ సీటు వచ్చేటట్టుంది. కాలేజీల టీసీ ఇస్తలేరు" అన్నది. ఆమె చేతిలో నోటుపుస్తకం నుంచి చింపిన చీటీ ఒకటి ఉంది. దానిపై నీలి సిరాతో "ఫీజు బాకీ 32,000" అని రాశారు. కాలేజీ ముద్ర, సంతకం, తేదీ ఏవీ లేవు. తండ్రి మార్కెట్‌లో హమాలీ. మూడేళ్లూ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదివిన బీసీ విద్యార్థిని.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఈ పథకం లేకుంటే నాతో సహా మా తరంలో చాలామందిమి డిగ్రీ గడప తొక్కేవాళ్లం కాదు. ఆ చెల్లెలు చదివిన నాటికి తెలంగాణలో బీసీ విద్యార్థుల ట్యూషన్ ఫీజు కళాశాల ఖాతాకు, ఉపకార వేతనం విద్యార్థి ఖాతాకు జమయ్యేవి. ప్రభుత్వం విడుదల చేయని సొమ్మును యాజమాన్యం చివరికి విద్యార్థి దగ్గర అడుగుతుంది. యాజమాన్యాల ఇబ్బందిని నేను కాదనను. అధ్యాపకులకు నెలల తరబడి జీతాలు అందక, ఆ ఏడాది అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కళాశాలలు బకాయిల కోసం బంద్‌కు దిగాయి. అయినా ఒక హమాలీ బిడ్డ మెమోలను తాకట్టు పెట్టుకోవడం అన్యాయమే.

మొదట మేము చేసింది ధర్నా. రెండు రోజులు గేటు ముందు కూర్చున్నాం. ప్రిన్సిపాల్ "ప్రభుత్వాన్ని అడగండి" అని లోపలికి వెళ్లిపోయారు. మూడో రోజు అదే ఇబ్బందిలో ఉన్న విద్యార్థులందరినీ పిలిచి, ఒక్కొక్కరి దరఖాస్తు నంబరుతో, ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తులు నడిచే ప్రభుత్వ ఈ-పాస్ వెబ్‌సైట్‌లో స్థితి చూశాం. కొందరికి ఫీజు మంజూరై, విడుదల మాత్రమే ఆగింది. కొందరికి ఆధార్ వేలిముద్రల ధ్రువీకరణ పూర్తికాలేదు. ఏడుగురి దరఖాస్తులు కళాశాల లాగిన్ దాటి సంక్షేమ శాఖకు చేరనేలేదు. ఆ సంగతి వాళ్లకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అందరికీ ఒకే చీటీ ఇచ్చారు గానీ, ఒక్కొక్కరి చిక్కు ఒక్కో చోట ఉంది. ఈ పని మొదటి రోజే చేయవలసిందని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది.

తర్వాత ప్రతి విద్యార్థి చేత టీసీ, అసలు ధ్రువపత్రాలు కోరుతూ వినతిపత్రం రాయించాం. ఇవ్వలేకపోతే కారణం రాతపూర్వకంగా తెలపాలని అందులో అడిగాం. ప్రవేశ సమయంలో తీసుకున్న పది, ఇంటర్ మెమోలను విద్యాసంస్థలు అట్టిపెట్టుకోరాదని 2018లో యూజీసీ ఇచ్చిన ప్రకటన ప్రతిని జతచేశాం. గుమస్తా రెండో ప్రతిపై అందినట్లు ముద్ర వేయడానికి ఒప్పుకోలేదు. అదే సాయంత్రం పోస్టాఫీసుకు వెళ్లి అన్నింటినీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. నోటితో చెప్పినంత సులువుగా కాగితంపై "ఇవ్వం" అని రాసి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఆ రసీదులు, ఈ-పాస్ ప్రతులు, పేర్ల జాబితా కలిపి ఇచ్చాం. ఇంకో ప్రతి విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు అందింది. కళాశాల నుంచి వివరణ అడిగినట్టు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆ చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, టీసీ చేతికొచ్చింది" అని చెప్పి, ఆపై మాట రాక తండ్రికి ఫోన్ ఇచ్చింది. ఫీజు మంజూరైన మిగతావారికీ ఆ వారంలోనే ధ్రువపత్రాలు అందాయి.

దరఖాస్తు ముందుకు కదలని ఏడుగురి సంగతి అంత తేలికగా తేలలేదు. గడువు దాటిన సంవత్సరానికి ఫీజు తిరిగి రాదు. ముగ్గురు అప్పు చేసి కట్టారు. ఇద్దరికి యాజమాన్యం వాయిదాలు ఇచ్చింది. ఇద్దరు ఆ ఏడాది పీజీలో చేరలేదు. అందుకే ఇప్పుడు రిజిస్ట్రేషన్ గడువు ముగియకముందే మేము తరగతి గదులు తిరుగుతున్నాం. ప్రతి విద్యార్థినీ దరఖాస్తు నంబరు అడిగి, అది కళాశాల లాగిన్ దాటిందో లేదో అక్కడే ఫోన్‌లో చూసి, దాటనివారి పేర్లు రాసుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్తున్నాం.