పేషెంట్ తాలూకు ఎవరు?

ఇవాళ ఫస్ట్ షిఫ్ట్ పేషెంట్లని డయాలసిస్ మిషన్లకి ఎక్కించి బయటికొచ్చి, వాళ్లలో ఒకావిడ మందుల చీటీ పట్టుకుని నేను "పేషెంట్ తాలూకు ఎవరమ్మా?" అని కేకేస్తే స్కూల్ యూనిఫాంలో ఉన్న ఆడపిల్ల లేచి నిలబడింది. ఆరో తరగతి. నాన్న మిర్చి యార్డులో ముఠా పని, సీజన్ కదా, తెల్లారకముందే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించడానికి పోతాడు. తమ్ముణ్ణి పక్కింటి మామ్మ దగ్గర వదిలి ఈ పిల్ల అమ్మని ఆటోలో తీసుకొస్తుంది.

చేతిలో లెక్కల నోటుబుక్కు. వెనక పేజీలో అమ్మ బరువు రాసుకుంది, పోయినసారి వెళ్లేటప్పుడు 51, ఇవాళ వచ్చేటప్పుడు 54, తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోయి. "నీళ్లు తాగొద్దంటే వినదు సిస్టర్, నిన్న మజ్జిగ కూడా తాగింది" అని నాకు ఫిర్యాదు. మావాళ్లు ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయారు, నాకు మాత్రం ఒళ్లు మండింది. వారానికి మూడుసార్లు, ఎక్కిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఇక ఆ పిల్ల బడికెళ్లేది ఎప్పుడు?

డాక్టరు గారితో అంటే, "మనం కిడ్నీలు చూసేవాళ్లం సిస్టర్, వాళ్లింటి సంగతులు మనకెందుకు" అన్నారు. మంచాయనే, కానీ ఈ మాట నేనొప్పుకోను. నార్వేలో 2010 నుంచి ఇది చట్టం, తల్లికో తండ్రికో పెద్ద జబ్బు చేస్తే వాళ్లకి పిల్లలున్నారా, వాళ్లనెవరు చూస్తున్నారు అన్నది వైద్యం చేసేవాళ్లు పట్టించుకుని తీరాలి. మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనూ, ఆసుపత్రిలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా వేరు చేయకూడదని ఉంది. పిల్లల మీద లైంగిక దాడి, అంటే పోక్సో కేసైతే పోలీసులకి చెప్పక తప్పదు. ఈ పిల్లని కొట్టేవాళ్లు లేరు, తిట్టేవాళ్లు లేరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసేంత ఘోరమూ ఇక్కడ లేదు. అందుకే ఎవరి కంటికీ ఆనదు. మా కేస్ షీట్‌లో షుగరుందా, బీపీ ఉందా, అటెండెంట్ ఫోన్ నంబరెంత, అన్నీ ఉంటాయి, ఇంట్లో పిల్లలున్నారా అన్న గడి మాత్రం లేదు.

నాన్నకి ఫోన్ చేశా. సాయంత్రమైతే ఖాళీయేనట, "షిఫ్ట్ మార్చమని అడగొచ్చని మాకెవరు చెప్పారమ్మా" అన్నాడు. నిజమే, మేమెప్పుడు చెప్పాం! టెక్నీషియన్‌తో కూర్చుని చూస్తే మూడో షిఫ్ట్‌లో రిటైర్డ్ మాస్టారొకాయన పొద్దున రావడానికి సరేనన్నారు, కాకపోతే టీవీ ఎదురుగా ఉన్న బెడ్డే కావాలట. ఆ బెడ్డు మీదున్న పెద్దాయన్ని ఒప్పించాలిప్పుడు, ఆయనకీ పొద్దున్నే భక్తి చానల్ లేకపోతే కుదరదు. రేపు కాఫీ తీసుకెళ్లి అడుగుతా.